రూతు కేక

ఈస్టర్ నాడు తెల్లవారకముందే రాయదుర్గంలో గుమ్మఘట్ట బస్సెక్కాను. పక్క సీట్లో జీన్స్ కుట్టే మేరమ్మ, ఆమె ఐదేళ్ల కూతురు రూతు.

"పొద్దు పొడవకముందే మా ఊరి సమాధుల తోటకు పోవాలన్నా," అంది మేరమ్మ. అక్కడ పెద్దలు గేటు దగ్గరే ఆగుతారట. ఒక చిన్నపిల్ల ముందు లోపలికి పరిగెత్తి, యేసు లేచాడని కేక వేయాలట; పెద్దలు దానికి బదులు పలకాలట. ఈ ఏడు వంతు రూతుది. మా కాకినాడలో పిల్లలం పెద్దల వెనకే నిద్రకళ్లతో నడిచేవాళ్లం!

తూర్పు ఎర్రబడింది, వాళ్ల ఊరింకా రాలేదు. రూతు కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్రైవర్ మస్తాన్ అద్దంలో చూసి, "ఏడ్చొద్దు పాపా, నేనుండాను కదా!" అంటూ వేగం పెంచి, సరిగ్గా తోట ముందే ఆపాడు.

రూతు దిగి పరిగెత్తింది. బస్సులో అందరం కిటికీల దగ్గరికి జరిగాం.

"లేసినాడు! యేసయ్య లేసినాడు!"

గేటు దగ్గరి పెద్దలకంటే ముందు, కిటికీలోంచి నేనే అరిచేశాను: "నిజంగా లేచాడు!"