మోడాన్ని పిలిచిన పాట

మట్టిలోకి ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ఆ ఊపిరిని కొందరి గొంతుల్లో పాటగా నిలిపినందుకు స్తోత్రం. ఎర్రటి ఎండలో వంగి కలుపు తీసే ఆడవాళ్ల మీదికి మబ్బు నీడను పంపినవాడికే మహిమ. నేను రాయబోయేది ఒక మనవి. అయినా ఏ పనైనా స్తుతించే మొదలుపెట్టమని మా అమ్మ నేర్పింది.

అమ్మ దేవనకొండ దగ్గర చేలల్లో కూలికి పోయేది. కలుపు తీసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె చరణం పాడితే మిగతావాళ్లు వంత పలికేవాళ్లు. ఆ వంతలో మా పెద్దమ్మ గొంతు అందరికంటే గట్టిది. చరణాలు మాత్రం అమ్మ ఒక్కదానికే వచ్చు. కొన్ని వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్నవి, కొన్ని అప్పటికప్పుడు కట్టినవి. నాకు గుర్తున్నది వంత ఒక్కటే:

"ఇంకొక్క మెట్టు దిగిరావే మోడమా."

మోడమంటే మబ్బు. ఊపిరి అందక అమ్మ ఆగినా పాట ఆగకూడదు. ఆమె మళ్లీ ఎత్తుకునేదాకా మిగతావాళ్లు ఆ వంతనే తిప్పి తిప్పి పాడుతూ ఉండాలి. ఆ చేలల్లో అది మర్యాద.

అమ్మ ప్రభువును నమ్ముకున్నాక, పాత పాటలు వదిలేయమని సంఘ పెద్దలు చెప్పారు. మబ్బును పిలవడమేమిటి, దాన్ని పంపేవాణ్ణి పిలవాలి అన్నారు. అమ్మ ఎదురు చెప్పలేదు. బాప్తిస్మానికి ముందురోజు సాయంత్రం, తనతో కలుపుకు వచ్చేవాళ్లందర్నీ మా వాకిట్లో కూర్చోబెట్టుకుని పాడింది. నాన్న ఎవరిదో టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి రికార్డు చేశాడు.

"ఈ పొద్దు కడుపునిండా పాడుకుంటా. రేపట్నుంచి ఈ నోరు ఆయనది," అంది అమ్మ.

మాట తప్పలేదు. ఇంట్లో ఉంటే మనసు లాగుతుందని ఆ క్యాసెట్‌ను ఎమ్మిగనూరుకు కాపురం పోతున్న పెద్దమ్మకిచ్చింది. పెద్దమ్మ కూడా నమ్ముకున్న మనిషే. పెట్టెలో చీరల మధ్య దాచింది తప్ప ఏనాడూ వినలేదు.

అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పెద్దమ్మకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడు. అది మూసుకుపోకముందే చెల్లెలి గొంతు ఒక్కసారి వినాలని ఆమెకు ఆశ పుట్టింది. క్యాసెట్ తీసి ఇంట్లో మూలన పడున్న టేప్‌లో పెట్టింది. అది కొంచెం తిరిగి, కీచుమని ఆగిపోయింది.

నేను ఆదోని నుంచి బస్సెక్కి వెళ్లేసరికి ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. వీధంతా మగ్గాల చప్పుడు. క్యాసెట్ చేతిలోకి తీసుకుంటే జిడ్డు తగిలింది.

"దీనికి ఏం పూసినావు పెద్దమ్మా?" వినపడే చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"ప్రార్థన నూనె. పాస్టరయ్య ఇచ్చింది. సుస్తీ అయినోళ్లకు రాయమని వాక్యంలో ఉండాది కదా."

"అది మనుషులకు!"

"దీంట్లో ఉండేది మీయమ్మే గదా పాపా."

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె క్యాసెట్ తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"దేవునికి ఇష్టం లేకనే ఆపేసినాడంటావా? మోడాన్ని పిలిసినామని?"

చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో వాక్యం కంఠస్థం చేసినదాన్ని. అయినా నోటికొచ్చింది వాక్యం కాదు. "మోడం ఎవరి మాట వింటాది? ఆయన మాటే గదా," అన్నాను. ఆమెకు వినపడిందో లేదో తెలియదు.

ఆదోనిలో పాత రేడియోలు బాగుచేసే ఒక సాయిబు ఉన్నాడు. పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. క్యాసెట్ చూసి తల పట్టుకున్నాడు.

"ఏందక్కా ఇది? బోండాలు వేసేకి పెట్టుకున్నారా?"

ప్రార్థన నూనె అని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "మేమూ దర్గాలో నీళ్లు ఊదించుకుని తాగుతాం లే. ఏం చేస్తాం, ప్రాణం ఊరుకోదు," అంటూ మరలు విప్పాడు.

నూనె పై చుట్లకు పట్టి లోపలికి పాకుతోంది. తుడిస్తే రీలు మీది పూత లేచిపోవచ్చు, తుడవకపోతే మిగతాదీ పాడవుతుంది. "బాగైనా ఒక్కసారే ఆడతాదక్కా. రెండోసారికి నేను మాటియ్యలేను," అన్నాడు. ఇప్పుడు ఎలా ఉందో కొంచెం పెట్టి చూస్తానన్నాడు. నేను ఫోనులో రికార్డింగు నొక్కి స్పీకరు పక్కన పెట్టాను. పెద్దమ్మ స్పీకరుకు చెవి ఆనించింది.

గరగర. మేక అరుపు. నాన్న దగ్గు. ఆ తర్వాత అమ్మ.

"ఉల్లిపూల సేను ఉసురుమంటాంది..."

పెద్దమ్మ గట్టిగా వంత అందుకుంది. బజారులో పోయేవాళ్లు తిరిగి చూశారు. అమ్మ రెండో చరణం ఎత్తుకుంది. రెండు మాటలకే గొంతు బరువెక్కి, మగమనిషి గొంతులా సాగి, ఆగిపోయింది. ఆయన గబుక్కున బటన్ నొక్కాడు.

పెద్దమ్మ మళ్లీ వంత పలికింది. మళ్లీ.

"ఆగిపోయిందక్కా," అన్నాడాయన.

ఆమె చేత్తో వద్దని సైగ చేసింది. "ఊపిరి తీసుకుంటాంది," అంది నాతో. "ఊరికే కూసున్నావేంటికి? నువ్వూ పలుకు."

నేనూ పలికాను. ఆయన తల వంచుకుని రీలు ఎక్కడ చిక్కుకుందో వెతకసాగాడు.

క్యాసెట్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఆయన ఇంకా ఫోను చెయ్యలేదు. నా ఫోనులో పడింది ఆ ఒక్క చరణమే. పెద్దమ్మ నా దగ్గరే ఉంటోంది; పొద్దున పిలిస్తే పలికే మనిషి సాయంత్రానికి పలకడం లేదు. ముందు రీలు పోతుందో చెవి పోతుందో అని పనిలోనూ అదే భయం, మోకాళ్ల మీదా అదే భయం.

ఇది చదివే మీకు మా అమ్మ తెలియదు. అయినా ఒక్క నిమిషం మాతో కలిసి అడగండి. ప్రభువా, ఆ రీలు మీద నీ చెయ్యి ఉంచు. ఆ చెవిని ఇంకొన్నాళ్లు తెరిచి ఉంచు. ఆ పాట నీకు అయిష్టం కాదని ఆ ముసలి ప్రాణానికి తెలియజెయ్యి. అమ్మ మళ్లీ ఎత్తుకునేదాకా ఆపకుండా మాతోపాటు అడుగుతూ ఉండండి. ఆమేన్.