గుండు వెనకాల వెళ్ళిన మునెమ్మ

1979. తిరుపతి స్టేషన్‌లో ఎంక్వయిరీ క్లర్కుగా నాకది ఆరో ఏడు. అప్పట్లో మా స్టేషన్‌లో రెండు రకాల పట్టాలుండేవి. రేణిగుంట వైపు వెళ్ళేవి వెడల్పాటి బ్రాడ్ గేజ్; పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి వెళ్ళేవి ఇరుకైన మీటర్ గేజ్. ఈ బండి ఆ పట్టాలెక్కదు. కొత్తవాళ్ళకు తికమకే గానీ నాకు కాదు. టైమ్‌టేబుల్ తెరవకుండా బండ్ల వేళలన్నీ గడగడా అప్పజెప్పేవాణ్ణి. అందుకు కాస్త పొగరు కూడా ఉండేదని ఒప్పుకుంటాను.

ఒక ఉదయం నగరికి చెందిన నేతపనివాడొకడు కౌంటర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. కొండమీద తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకుని ఉన్నాడు.

“సార్, మాయమ్మ కనపడలేదు! నేను టికెట్లకు పోయి వచ్చేలోగా ఆడ లేదు. ఆమెకు సూపు సరిగా ఆనదు సార్.”

“భయపడొద్దప్పా. పేరు చెప్పు, మైకులో పిలుస్తా” అన్నాను.

పేరు మునెమ్మ. రెండుసార్లు పిలిచాను. ఎవరూ రాలేదు. మూడోసారి గొంతు పెంచి పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. అవతల, నగరి వైపు పోని కాట్పాడి బండి బయలుదేరడానికి ఐదు నిమిషాలే ఉంది. చూపు ఆనని మనిషి, చేతిలో టికెట్ లేదు. పొరపాటున అదెక్కేసిందంటే ఏ ఊళ్ళో దిగుతుందో! నాకు నిజంగానే భయం వేసింది.

“పోయేటప్పుడు ఆమెతో ఏం చెప్పినావు?” అని అడిగాను.

“ఈడే కూర్చోమ్మా, నా గుండు కనపడతానే లేసి నా వెనకాలే రా అన్నాను సార్.”

తలెత్తి ప్లాట్‌ఫారం వైపు చూశాను. ఎటు చూసినా గుండ్లే. అన్నిటికీ గంధమే. నా తెలివికి నాకే సిగ్గేసింది. కాట్పాడి బండి కాసేపు ఆపమని గార్డుకు కబురు పంపి, మళ్ళీ మైకు అందుకున్నాను.

“గుండు చేయించుకున్న మగవాళ్ళందరికీ మనవి. మీ వెంట ఉన్న ముసలమ్మ మీ అమ్మేనా? ఒక్కసారి తిరిగి చూసుకోండి!”

ప్లాట్‌ఫారమంతా గొల్లున నవ్వింది. కాట్పాడి బండిలోంచి పలమనేరు రైతు ఒకాయన ఒక ముసలమ్మను చెయ్యిపట్టి దించాడు. ఆయనదీ గంధం పూసిన గుండే.

“ఎక్కినకాణ్ణించి నా కండువా కొస పట్టుకోనుండాది సార్. జనంలో పడిపోకుండా పట్టుకోనుండాదిలే అనుకున్నా” అన్నాడు.

“అమ్మా!” అన్న కొడుకు గొంతు వినగానే మునెమ్మ వాడి ముఖమంతా తడిమి చూసింది.

“మైకులో పిలస్తానే ఉండారురా! నా పేరుగల ఇంకో మునెమ్మ ఎవురో తప్పిపోయినట్టుండాది, పాపం, ఆ బిడ్డలు ఎంత అల్లాడతా ఉండారో అనుకుంటిని” అంది.

కొడుకు ఏడుస్తూనే నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నేను మూడుసార్లు పిలిచింది, దారి తప్పానని తెలిసిన మనిషిని. ఆమె మాత్రం కొడుకు పక్కనే ఉన్నానన్న ధీమాతో హాయిగా కూర్చుని ఉంది. రిటైరయ్యే దాకా, మనిషి తప్పిపోయాడని ఎవరొచ్చినా నేను ముందు పేరు అడగలేదు. “మీరు కదిలేటప్పుడు ఏం గుర్తు చెప్పి వెళ్ళారు?” అని అడిగేవాణ్ణి.