నేను క్లాసులో చూపించిన మెయిల్

అనుమానించడమే నా ఉద్యోగం. గచ్చిబౌలిలోని మా కంపెనీలో ఉద్యోగులను పరీక్షించడానికి నెలకోసారి నేనే దొంగ మెయిళ్లు తయారుచేసి పంపిస్తాను. ‘మీ ఆఫీసు బస్సు రూటు మారింది, ఇక్కడ నొక్కండి’ అని ఒకసారి, ‘బోనస్ జాబితాలో మీ పేరుంది’ అని ఇంకోసారి. నొక్కినవాళ్లను మర్నాడు కూర్చోబెట్టి క్లాసు పీకుతాను. క్యాంటీన్‌లో నేను మిఠాయి పెట్టినా అటూ ఇటూ తిప్పి చూసి గానీ తినరు. అది నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మా ఆవిడది ప్రభుత్వ ఉద్యోగం, దరఖాస్తులు తీసుకునే సీటు. మంచు కురవడం ఒక్కసారి కళ్లారా చూడాలని పెళ్లయిన కొత్తలో అడిగింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పటికి కుదిరింది. విదేశం వెళ్లాలంటే వాళ్లకు పైవాళ్ల అనుమతి కావాలి. దానికోసం మూడు నెలలు తిరిగి, పది రోజుల సెలవు సంపాదించింది. ఇక మిగిలింది టూరిస్టు వీసా. ఏ దేశమో చెప్పను, తప్పు వాళ్లది కాదు.

వెతగ్గానే అసలు సైటులాగే కనిపించే ఏజెంట్ల సైట్లు అరడజను తగిలాయి. అన్నీ దాటుకుని అసలుదాన్ని పట్టుకున్నాను. అయినా నాకు మనసొప్పలేదు. మా మామగారు పుట్టిన ఊరు కూడా రాయమంటోంది ఫారం, వాళ్లకెందుకు?

“పెళ్లి సంబంధం చూస్తున్నట్టు చూస్తున్నారేంటండీ, నింపండి” అని నవ్వింది మా ఆవిడ.

ఫొటోకి నల్లగండ్లలో స్టూడియోకి వెళ్లాం. మీగడరంగు చీర కట్టుకుంది. “మేడం, తెల్లగోడ ముందల ఈ చీర కలిసిపోతది. జర వేరేది కట్టుకొని వస్తరా?” అన్నాడు స్టూడియో ఆయన. ఇంకో ఫొటో డబ్బులు గుంజే ఎత్తనుకుని, ఉన్నదే తీయించి ఆవిడను లాక్కొచ్చాను. ఇద్దరి దరఖాస్తులూ నేనే పంపాను, ఎవరి మెయిల్ అడ్రసు వాళ్లది ఇచ్చి.

నాలుగో రోజు ఆవిడకు మెయిల్ వచ్చింది. ఫొటో స్పష్టంగా లేదు, మూడు రోజుల్లో కింది లింకులో మరొకటి పెట్టండి, లేకపోతే దరఖాస్తు మూసేస్తాం అని. తొందరపెట్టడం, భయపెట్టడం, లింకు నొక్కమనడం. నేను క్లాసులో చెప్పే మూడు గుర్తులూ ఉన్నాయి.

“మా ఆఫీసులోనూ ఫొటో బాగా లేకపోతే తిప్పి పంపిస్తామండీ. ఇది నిజమేనేమో” అంది.

“నీకు తెలీదు, ఊరుకో” అన్నాను. ఆవిడ ఫోన్ తీసుకుని, క్లాసుకి పనికొస్తుందని ఆ మెయిల్‌ను నా ఫోన్‌తో ఫొటో తీసి, అసలుదాన్ని నేనే చెరిపేశాను.

అంతటితో ఆగానా! మర్నాడు క్లాసులో దాన్ని తెర మీద చూపించాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి చెయ్యెత్తింది. “సార్, అడ్రస్ అసలుదే ఉన్నట్టుంది గదా? ఒకసారి వాళ్ల సైట్ల చూస్తే తెలుస్తుండె.” మోసగాళ్లు అడ్రసు కూడా అచ్చు గుద్దినట్టు పెడతారని చెప్పి ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే నా వీసా మెయిల్‌లో వచ్చింది. లింకు నొక్కి, దింపుకుని, ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్లాను. ఆవిడది రాలేదు. రెండు రోజులు చూసి సైటులోకి వెళితే, అడిగిన ఫొటో అందనందున దరఖాస్తు మూసేశామని ఉంది. మళ్లీ మొదటినుంచి పెడితే ఆవిడ సెలవు రోజులు దాటిపోతాయి.

ఆవిడ నా మెయిల్ చూపించమంది. క్లాసు కోసం తీసుకున్న ఫొటో పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“రెండూ ఒకే అడ్రసు నుంచి వచ్చాయి కదండీ. మీకొచ్చింది నిజం, నాకొచ్చింది మోసమా?”

నాది వచ్చినప్పుడు నేను అడ్రసు వైపు చూడనే లేదు.

ఆవిడ సెలవు రద్దు చేసుకుని ఆఫీసుకి వెళ్లింది. ఆదివారం స్టూడియోకి ఒక్కతే వెళ్లింది, నీలం చీరలో. వచ్చి సోఫాలో కూర్చుని, మళ్లీ సెలవిచ్చినప్పుడు పనికొస్తుందని, ఫోన్‌లో వీసా సైటులో తన పేరున కొత్త ఖాతా తెరిచింది. పక్కన కూర్చున్నాను.

“పాస్‌వర్డ్ చెప్పు, మిగతాది నేను నింపుతాను.”

ఫోన్‌ను కాస్త అటు తిప్పుకుంది.

“ఎవరికీ చెప్పొద్దని మీరే కదండీ అంటారు.”