అరవై రెండో పేజీలో ఏనుగు

మా చెల్లి రాసిన మొదటి నవల సోమవారం అచ్చుకు వెళుతుంది. ఇంట్లో ఎవరికి అభ్యంతరమైనా ఆ పేజీ తీసేస్తానని మాటిచ్చి, కాగితాల కట్ట పంపింది. తను కొరాపుట్‌లో టీచరు. అందుకని, చదివి ఎదురుగానే మాట చెబుదామని శనివారం ఉదయం ఏడింటికి చింతపండు కొట్టు అమ్మకప్పగించి రాయగడలో రైలెక్కాను. సంచిలో నాలుగు ఇడ్లీలు, కాగితాల కట్ట, ఎర్ర పెన్ను ఉన్నాయి.

ఈ దారిలో చదువుకుంటూ వెళ్లాలనుకునేవారు ఓపిక తెచ్చుకోవాలి. సొరంగం వెంట సొరంగం. ప్రతిసారీ వేలు అడ్డుపెట్టి, వెలుతురు వచ్చాక మళ్లీ మొదలుపెట్టడమే.

నవలలో ఒక ముసలావిడ తన చిన్నతనం చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ కథ మారిపోతుంది. మొదటి ఇరవై పేజీల్లో ఒకే వాన మూడు రకాలుగా కురిసింది. ఏదో ఒకటి తేల్చవే తల్లీ అని విసుక్కున్నాను. లక్ష్మీపూర్ దాటాక చూసుకుంటే ఇడ్లీలు ముట్టుకోనే లేదు!

అరవై రెండో పేజీలో నా ఒళ్లు మండింది. మా బస్తాల మీద ఏనుగు గుర్తుంటుంది. బొమ్మ కోసిన రేకు పెట్టి నల్లరంగు పూస్తాం. ఒకసారి రేకు తిరగబడి, లారీడు బస్తాల మీద ఏనుగు కాళ్లు పైకెత్తి పడుకుంది. తీరా చూస్తే బేరగాళ్లు ఆ ఏనుగునే అడగడం మొదలుపెట్టారు. నాన్న దాన్నే మా గుర్తు చేశాడు. ఆ రంగు వేసింది ఎనిమిదేళ్ల నేను. నవలలో మాత్రం వేసింది ఆడపిల్ల!

ఎదుటి సీట్లో అప్పన్న ఉన్నాడు. మా కొట్లో ముప్పై ఏళ్లు బస్తాలు మోసి, ఇప్పుడు కూతురింటికి వెళుతున్నాడు. పేజీ చదివి వినిపించి సాక్ష్యం అడిగాను.

అప్పన్న నవ్వాడు. "నువ్వూ గాదు, మీ సెల్లీ గాదు బాబూ. ఆ రోజు అయ్యగారికి జొరం. లారీ నిలబడిపోనాది. అమ్మగారే రంగేసేరు. మీరిద్దరూ సెరో పక్కా డబ్బా అట్టుకున్నారు."

పన్నెండున్నరకి కొరాపుట్‌లో దిగగానే, స్టేషన్‌కి వచ్చిన చెల్లికి అంతా చెప్పాను. అది బెంచీ మీద కూలబడింది.

"తీసెయ్యమంటావేటి అన్నయ్యా? నానే ఏసేనని ఇప్పటికీ ఒట్టేసి సెప్పగల్ను."

"నానూ ఒట్టేస్తాను. అందుకే ఉంచు. ఒక్క అక్షరం మార్చొద్దు."

వాళ్లింట్లో అన్నం తిని మూడింటి బస్సెక్కాను. సీటు దొరకగానే అమ్మకి ఫోన్ చేసి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"నానేటి ఏసేదిరా? మీ ఇద్దరే ఏసేరు. మీ నాన్న మంచం మీదే మురిసిపోనాడు."

ఫోన్ జేబులో పెట్టుకుని అరవై మూడో పేజీ తీశాను. ఎర్ర పెన్ను సంచిలోనే ఉండిపోయింది. పక్క సీటాయన కాగితాల వంక చూశాడో లేదో, అడక్కుండానే చెప్పేశాను.

"మా సెల్లి రాసింది."