ఎర్ర బకెట్‌లో ఊక

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూస్తే రెండు కిలోలు కూడా ఉండదు. ఒక బకెట్ వడ్ల ఊక. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎక్కడ ఎర్ర బకెట్ కనిపించినా ఆగిపోతాను. రైల్వే స్టేషన్లో, సినిమా హాలు వరండాలో, పెట్రోలు బంకులో. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఏముందో చూస్తాను. మొన్న ఇబ్రహీంపట్నం దగ్గర బంకులో ఒకాయన అడిగాడు.

"ఏం పారేసుకున్నారు మామ్మగారూ, ఉంగరమా?"

"లేదు బాబూ, ఇసుకేనా అని చూస్తున్నా."

"ఇసుక గాక బెల్లం ఉంటుందా అండీ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇసుక గాక ఏముంటుందో నాకు తెలుసు.

పామర్రు వైపు ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో ఆయాగా పనిచేశాను. చదువు లేదు. యాభై దాటాక నాకొక పిచ్చి పట్టింది. రోజూ ఇన్ని బోర్డులు తుడుస్తాను గదా, ఇవన్నీ ఏమంటున్నాయి? తలుపు మీద ఉన్నదేమిటి, మందు సీసా మీద ఉన్నదేమిటి? తెలుసుకోకపోతే నిద్ర పట్టేది కాదు.

వంటగది ముందు వరండాలో మూడు ఎర్ర బకెట్లు కొక్కేలకు వేలాడేవి. ఫైర్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, నిప్పు అంటుకుంటే ఏం చెయ్యాలో పిల్లలకు చూపించి వెళ్లాడు. తర్వాత పిల్లల్లో ఒక జట్టు కట్టారు. దాని లీడర్ తొమ్మిదో తరగతి పిల్ల. షాహీన్ అనుకోండి, అసలు పేరు రాయను. తండ్రి విజయవాడలో పరుపులు కుడతాడు. ఆ పిల్ల మోచేతికి పైన ఎర్ర పట్టీ కట్టుకుని, బకెట్ల మీద తెల్ల రంగుతో ఏదో రాస్తోంది.

"ఏం రాశావు తల్లీ?"

"ఇసుక, ఆయమ్మా. ఇదిగో, ఇ, సు, క" అని వేలు పెట్టి చూపించింది. నేను చదవగలిగిన మొదటి మాట అదే.

చదివాక రాయాలనిపించింది. పలక కొనుక్కోవడానికి సిగ్గు. ఈ వయసులో పలకేమిటని నవ్వరూ? ఇసుకైతే అరచేత్తో ఒక్కసారి తుడిస్తే ఏమీ మిగలదు. చివరి బకెట్‌లోది సామాన్ల గదిలో ఒక పాత బేసిన్‌లో పోసుకుని, పిల్లలు క్లాసుల్లో ఉన్నప్పుడు వేలితో దిద్దేదాన్ని. మొదట్లో సాయంత్రానికి తిరిగి పోసేసేదాన్ని. తర్వాత బద్ధకించాను. పక్కనే బియ్యం మిల్లు ఉండటంతో గిన్నెలు తోమే చోట తొట్టెలో ఎప్పుడూ ఊక ఉండేది. బకెట్ నిండా ఊక పోసి, పైన రెండు గుప్పిళ్ల ఇసుక చల్లాను. కొక్కేనికి తగిలిస్తూ, ఎంత తేలిగ్గా ఉందో అని సంతోషించాను కూడా.

ఊక మండుతుందని నాకు తెలియదా? మా అమ్మ ఊకపొయ్యి మీద వండే మమ్మల్ని పెంచింది. తెలుసు. కానీ ఆ బకెట్లు నాకు తుడవాల్సిన సామాను. ఎవరో ఒక రోజు వాటిని నిజంగా వాడతారనే ఆలోచనే రాలేదు.

ఒక ఆదివారం పొద్దున పూరీలు వేస్తున్నారు. మూకుడు ఒరిగి నూనె నేల మీదికి జారింది. అంటుకుంది. వంటమనిషి సిలిండర్ కట్టేసి మూకుడు మీద మూత పడేసింది. నేను నీళ్ల బిందె ఎత్తాను.

"నూనె మంటకి నీళ్లు పొయ్యకూడదు, ఆయమ్మా!" అంటూ షాహీన్ వరండాలోకి పరిగెత్తింది. చేతికందింది చివరి బకెట్. మంట అంచున పొయ్యాలని ఆ ఫైరాయన చెప్పినట్టే పోసింది. ముందు ఇసుక పడింది. వెనకే ఊక. అది గాలిలోనే భగ్గుమంది. వంటమనిషి తడి గోనెసంచులు పిండి కప్పేసరికి పిల్ల కుడిచెయ్యి కాలిపోయింది.

కాలిన చోట రాయడానికి పేస్టు తెస్తానన్నాను. "వద్దు, కుళాయి కింద పెట్టు" అంది పళ్లు బిగపట్టి. పెట్టాను. "ఇలాగే ఉంచు తల్లీ, ఇప్పుడే వస్తా" అన్నాను. మందు కోసం వెళ్తున్నాననుకుని ఉంటుంది. నేను వెళ్లింది ఖాళీ బకెట్ కోసం. బేసిన్‌లో ఇసుకంతా అందులో పోసి కొక్కేనికి తగిలించి వచ్చాను. మళ్లీ ఆ చెయ్యి పట్టుకుంటే, నా తడి మోచేతికి అంటిన ఇసుక రేణువులు నీళ్లతో పాటు జారిపోయాయి. ఆ పిల్ల చూసిందా?

మధ్యాహ్నం ప్రిన్సిపల్ మేడం మా ఇద్దర్నీ పిలిచి ఆ పిల్లని అడిగారు.

"మూడు బకెట్లూ ఇసుకతో నిండుగా ఉన్నాయి. కంగారులో తొట్టెలో ఊక ముంచి పోశావా?"

"లేదు మేడం. కొక్కేనికున్న బకెట్టే తీశాను. అందులోనే ఊక ఉంది."

"ఊక దానంతటది నడిచొచ్చి బకెట్ ఎక్కిందా?"

షాహీన్ నా వైపు తిరిగింది. "ఆయమ్మా, నువ్వు చెప్పు. రోజూ తుడిచేది నువ్వేగా."

"ఇసుకేనండి" అన్నాను. "ఎప్పుడూ ఇసుకే."

ఎర్ర పట్టీ ఇంకో పిల్లకి కట్టారు. "ఏయ్ ఊక లీడరూ, అగరొత్తి వెలిగిస్తున్నాం, దూరంగా ఉండవే" అని తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు. పరీక్షలయ్యాక తండ్రి వచ్చి తీసుకెళ్లాడు. ట్రంకుపెట్టెకి తాడు కడుతూ, "మా అమ్మాయికి అబద్ధాలు రావండీ" అన్నాడు నాతో. తాడు రెండో కొస నేనే పట్టుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. ఊక ఎందుకు పోశావని అడిగితే ఇసుక ఎందుకు తీశానో చెప్పాలి. ముసలిది ఓనమాలు దిద్దుకుంటోందని నవ్వుతారు. ఆ నవ్వు తప్పించుకోవడానికి ఒక పిల్ల మాటను అబద్ధం చేశాను. ఇంత చిన్న కారణానికి ఇంత పని చెయ్యగలనా నేను? చేశాను గదా.

ఈ ఏడేళ్లలో మా పెరట్లో మూతలో కాస్త నూనె వెలిగించి చూశాను, ఒకసారి కాదు. ఇసుక పోస్తే గాలి అందక ఆరిపోయింది. ఊక మెల్లగా, గుట్టగా పోస్తే ముందు పొగ వచ్చి ఆరినట్టే ఉంది. నాకు సంతోషం వేసింది. ఆ పిల్ల ఇలా పోసి ఉంటే? కాసేపటికి అడుగు నుంచి ఎర్రగా రాజుకుంది. ఎలా పోసినా ఊక ఊకే. ఇన్నిసార్లు ఎందుకు చూశానో తర్వాత తెలిసింది. తప్పులో పిసరంత వాటా ఆ పిల్లకి దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను.

ఇప్పుడు చదువుతాను, రాస్తాను. అందుకే నిన్న రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి బడికి, ఒకటి విజయవాడలో వాళ్ల నాన్న పరుపుల కొట్టుకి. నా చేతికున్న ఇసుక ఆ రోజు నువ్వు చూశావా తల్లీ అని కూడా రాసి, కొట్టేశాను. ఆ జవాబు కావాల్సింది నాకు, తనకు కాదు. క్షమించమనీ రాయలేదు. ఏ మొహంతో అడగను? రెండింట్లోనూ ఉన్నది ఇంతే: ఆ రోజు బకెట్‌లో ఊకే ఉంది. పోసింది నేను. షాహీన్ నిజమే చెప్పింది.

రాయడం అయ్యాక, పాత అలవాటు కదా, అరచెయ్యి దానంతటది కాగితం మీదికి వెళ్లింది. రుద్దాను. అక్షరాలు పోలేదు. కొంచెం ఊపిరి ఆడింది.