పొలాల పండుగ నాడు నేనిచ్చిన సాక్ష్యం

పోయిన యేడు పొలాల అమావాస్య, శనివారం, పగలు మూడు గంటల పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే, కోడలి ఫోను నా చేతిలోనే ఉంది. నాలుగింటికి ఊరి ఎడ్లన్నీ మారుతి గుడి ముందు జతలు జతలుగా నిలబడాలి. ఆ లోపల నా తమ్ముడు వస్తాడని తెలిసి, వాకిట్లో కూర్చొని గడియలు చూస్తున్నాను.

వచ్చాడు. తన ఎద్దును మంజీరలో కడిగి, కొమ్ములకు ఎర్రరంగు పూసి, వీపున అద్దాలు కుట్టిన గుడ్డ కప్పి తోలుకొచ్చాడు. అటువంటిదే ఇంకో గుడ్డ భుజాన వేసుకున్నాడు. అది నా ఎద్దుకు. నా ఎద్దేమో తొడలకు పేడ అంటుకొని కొట్టంలో అట్లే నిలబడి ఉంది.

మాది బిలోలి తాలూకాలో ఒక ఊరు. అన్నదమ్ములిద్దరికీ చెరో ఎద్దు, రెండూ కలిస్తేనే జత. కొన్నాళ్లు వాడి చేను దున్నేవి, కొన్నాళ్లు నా చేను. నేను బాప్తిస్మం తీసుకొని పదిహేనేళ్లు దాటింది. అప్పటినుంచి ఈ పండుగకు మా మధ్య మాటల్లేని ఒప్పందం ఒకటి నడిచింది. పండుగ నాడు నేను ఎద్దు తాడు వదులు చేసి ఇంట్లోకి పోయేవాణ్ణి. తమ్ముడు వచ్చి తోలుకుపోయి, సింగారించి, గుడి చుట్టూ తిప్పి, సాయంత్రం తెచ్చి కట్టేసేవాడు. నేను చూడలేదు, వాడు చెప్పలేదు.

ఆ ఒప్పందాన్ని చెడగొట్టింది నా చదువు. అరవై దాటాక, బోధన్ వైపు నుంచి వచ్చిన మా కోడలు చేటలో బియ్యం పరిచి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. రెండేళ్లకు కూడబలుక్కొని బైబిలు వాక్యం చదవగలిగాను. చదివిన కొద్దీ, ఎద్దును పంపి తాను ఇంట్లో దాక్కునే నా భక్తి మీద నాకే రోత పుట్టింది. ఎందుకు నమ్మావని ఎవరైనా అడిగితే చెప్పాలని, కారణాలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కరూ అడగలేదు.

"ఏందన్నా, తాడు ఇప్పలే?" అన్నాడు తమ్ముడు.

"ఈ యేడు పోదు."

"ఎద్దుకు పానం బాగలేదా?"

"ఎద్దుకు మంచిగనే ఉంది. నాకే మంచిగ లేదు. నేను నమ్మేది ఒకటి, నా ఎద్దు తిరిగేది ఇంకోటి."

గోడ అవతల పక్కింటి ముసలమ్మ పెనం మీద పూర్ణం పోలెలు కాలుస్తోంది. "అచ్చరాలొచ్చినంక గీయన ఎద్దుకు గూడ బాప్తిస్మం ఇచ్చేటట్టున్నడు!" అంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నవ్వలేదు.

"ఎందుకు నమ్మినవో చెప్పు మరి. ఇయ్యాల చెప్పు, ఇంట."

నోటుబుక్కు తీసే పని లేదు, నోటికే వచ్చు. ప్రభువు సమాధి ఖాళీగా ఉందని ముందు చెప్పింది ఆడవాళ్లు అన్నాను. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యం ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. కట్టుకథ అల్లేవాడు మగవాళ్లనే ముందు పెట్టేవాడు కదా? తరువాత, తిరిగి లేచిన ఆయనను చూశామన్నవాళ్లు దెబ్బలు తిన్నారు, చచ్చారు, మాట మార్చలేదు.

"నమ్మినదానికి సచ్చేటోళ్లు అన్ని మతాలల్ల ఉంటరన్నా."

"ఎవలో చెప్పింది ఇని సచ్చుడు వేరు. వీళ్లు మా కండ్లతోని చూసినం అన్నరు. అబద్దమైతె అది అబద్దమని వీళ్లకే ఎరుక గద. ఎరికుండి ఎవడన్న తన్నులు తింటడా?"

తమ్ముడు ఎద్దు మెడ గోకాడు. "గిది జర ఆలోచన చేసే మాటనే," అన్నాడు. నేను అక్కడ నోరు మూసుకోవలసింది.

"గదంత నిజమే అనుకో," అన్నాడు తమ్ముడే మళ్లీ. "మరి నా ఎద్దు ఒక్కటే ఎట్ల పోవాలె? జతల నడుమ ఒంటెద్దును తోల్కపోతే, అన్నదమ్ములు ఇడిపోయిండ్రని ఊరంత అనదా?"

ఈ ప్రశ్నకు నా నోటుబుక్కులో జవాబు లేదు. జవాబు దొరకనప్పుడు నా నోరు మొరటైపోతుంది. "రాయి సుట్టు ఇన్నేండ్లు తిప్పినవ్, నీ ఎద్దుకేమన్న కొమ్ములు బంగారమైనయా?" అన్నాను.

గోడ అవతల అట్లకాడ చప్పుడు ఆగింది. తమ్ముడు భుజాన ఉన్న గుడ్డ తీసి, నిదానంగా మడతపెట్టాడు.

"నువ్వు తాగి తాగి నెత్తురు కక్కుకున్న యేడు, గా రాయి సుట్టే పొర్లిన నేను. పదకొండు శనివారాలు, తడిబట్టలతోని. నువ్వు బతికినవ్. నీ దేవుడు బతికిచ్చిండని ఊరంత చెప్పుకున్నవ్. ఒక్కనాడన్న నేను కాదన్ననా?"

మడతపెట్టిన గుడ్డను అరుగు మీద పెట్టి, ఒంటెద్దును తోలుకొని పోయాడు. గుడి వైపు నుంచి డప్పులు వినబడుతున్నాయి.

నా నోటుబుక్కులో మూడో కారణం అదే. ప్రభువు నా తాగుడు మాన్పించి నన్ను బతికించాడని రాసుకున్నాను. నా భార్య అంతసేపూ గడపలోనే నిలబడి ఉంది. "మరిది పొర్లిన సంగతి నాకెరుకనే. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు," అంది.

వారం ఆగి తమ్ముడి ఇంటికి పోయాను. "రాయి అన్నది నా తప్పు. సమాధి సంగతి తప్పు కాదు, అది ఎనుకకు తీసుకోను," అన్నాను. "తీసుకొమ్మని నేనన్ననా?" అని చాయ్ పోయించాడు. తాగి లేచేటప్పుడు కొట్టం వైపు చూశాను. వాడి ఎద్దు పక్కన వేరే ఎవరిదో ఎద్దు కట్టేసి ఉంది. ఆ యేడు జొన్న నేను ట్రాక్టరుతో విత్తాను.

మా పాస్టరు సంతోషించాడు. నాందేడ్ సభలో నిలబడి ఈ సంగతి చెప్పమన్నాడు. గెలిచావన్నాడు. నేను పోలేదు. ఆ మొదటి సాక్షులను నేను నమ్మడానికి ఇంకో కారణం ఉంది, నోటుబుక్కులో తరువాత చేర్చాను. వాళ్లు తమ సిగ్గును దాచుకోలేదు. పారిపోయినవాడు పారిపోయాడనే రాశారు, ఆయనెవరో ఎరుగనని బొంకినవాడు బొంకాడనే రాశారు. అబద్ధమాడేవాడు తన మీదికి అంత తెచ్చుకోడు. వాళ్ల మాట నేను నమ్మాలంటే, నా మాట కూడా నేను అట్లే రాయాలి. అందుకే ఆ రాయి మాట కొట్టివేయకుండా రాశాను. తాగుడు మాన్పించింది ప్రభువేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ పదకొండు శనివారాలను ఎక్కడ పెట్టాలో మాత్రం నాకు తెలియదు.

నేను మార్చి రాశానంటే అడగడానికి మనుషులున్నారు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: తమ్ముడు, గడపలో నా భార్య, వాకిట్లో కోడలు, గోడ అవతల పోలెలు కాలుస్తున్న ముసలమ్మ, రంగు పూసిన ఎద్దొకటి, పూయనిదొకటి, నేను.