గుమ్మడికాయ మేస్త్రి

మేస్త్రి పోయాడన్న కబురు పొద్దున్నే వచ్చింది. నా బిడ్డ సైదమ్మ పనికి పోవడానికి సద్ది కట్టుకుంటోంది. ఫోన్ విని, సద్దిగిన్నె మూత చేతిలో పట్టుకుని అట్లనే నిలబడిపోయింది.

"నాయినా, మేస్త్రి లేడంట. దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వలనే పాణం వోయిందంట."

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. రాతలు నాకు అలవాటు లేవు. అయినా ఈ మనిషి గురించి నాలుగు ముక్కలు రాయకపోతే అన్నం సయించేట్టు లేదు. ఏడ్చేదంతా ఏడ్చేశాను. ఇప్పుడు నా దగ్గర మిగిలింది సంతోషమే, అది కూడా ఆయన ఇచ్చిపోయిందే.

ఆయనది పాలమూరు. వయసులో ఉన్నప్పుడు ముఠాతో కలిసి దేశం మీద పడి డ్యాములకు, కాలువలకు మట్టి మోశాడు. తెలంగాణ వచ్చాక మా రామన్నపేటలో ఇల్లు కిరాయికి తీసుకుని మేస్త్రి పని పెట్టాడు. ఎవరితో మాట్లాడినా పక్కనున్న గోడను అరచేత్తో నిమురుతూ మాట్లాడేవాడు, గోడ కూడా వింటున్నట్టు.

ఆయన ముఠాలో సెంట్రింగ్ కొట్టేది బీహార్ వాళ్లు, ఇనుము కట్టేది ఒడిశా వాళ్లు. తట్టల్లాంటి గమేళాల్లో సిమెంటు మాలు అందించేది అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్లు, వాళ్లతోపాటు నా బిడ్డ సైదమ్మ. కంకర కలిపే మిల్లర్ నడిపేది మా ఊరి యాదగిరి. పొద్దున లేస్తే ఏదో ఒక పంచాయితీ. ఒకరికి అన్నం లేకపోతే నడవదు, ఒకరికి రొట్టె లేకపోతే నడవదు. మనవాళ్లు బతుకమ్మకు పని బందు పెడతారు, బీహార్ వాళ్లు ఛఠ్ పండుగకు ఊరికి పోతే ఎప్పుడొస్తారో ఆ సూర్యుడికే తెలియాలి. ఒడిశా వాళ్లు చెప్పింది యాదగిరికి అర్థం కాదు. యాదగిరి అరిచింది ఎవరికీ అర్థం కాదు, అర్థమైనవాళ్లకు కోపం వస్తుంది.

"ఒక్క తీరోళ్లనే పెట్టుకోరాదు మేస్త్రీ, నీకెందుకీ తిప్పలు?" అని ఒకసారి అడిగాను.

"ఒక్క తీరోళ్లు ఒక్క తీరె తప్పు జేస్తరు పెద్దాయనా. అది ఎవ్వనికి కండ్లవడది. బీహారోడు గొట్టింది మనోడు జూస్తె ఒక సందు దొరుకుతది. మనోడు పోసింది ఆయన జూస్తె ఇంకోటి దొరుకుతది. ఇద్దరు కొట్లాడుతరు గని, ఇల్లు గట్టిగుంటది."

ఆ కొట్లాట రుచి మా ఇంటి స్లాబ్ రోజున చూశాను. ఆషాఢంలో స్లాబేమిటని మా ఇంటామె సణిగింది. వానలు ముదరకముందే పోసేద్దామని నేనే పట్టుబట్టాను. స్లాబ్ పోసేముందు మిల్లర్ దగ్గర కోడిని కోయడం మా దిక్కు ఆనవాయితీ. యాదగిరి కోసి, నెత్తురు మిల్లర్ చక్రానికి పూశాడు. అంతే, బీహార్ వాళ్ల పెద్ద మహేశ్ చేతిలో సామాను కింద పెట్టి ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. ఆయన వెనకే ఆయన మనుషులంతా కూర్చున్నారు. తెలిసిందేమిటంటే, వాళ్లకు శ్రావణం మనకంటే పదిహేను రోజులు ముందే వస్తుందట. మనకింకా బోనాలూ కోళ్లూ నడుస్తుంటే, వాళ్లకు అప్పుడే నిష్ఠ మొదలైపోయింది. నెత్తురు పడ్డ మిల్లర్‌లోంచి వచ్చే మాలును ముట్టనన్నాడు మహేశ్.

యాదగిరి లేచాడు. "మా ఊరికొచ్చి మా కోడికే వంకలు వెడతాండా? పోతె పొమ్మను!"

పడమట మబ్బు దిగుతోంది. మిల్లర్‌లో కంకర పోసి ఉంది. ఉన్నవాళ్లతో మొదలుపెట్టి సగంలో ఆపితే అక్కడ అతుకు పడుతుంది, ఇక బతికినన్నాళ్లు ఇల్లు కురుస్తుంది.

మేస్త్రి బకెట్‌తో నీళ్లు తెచ్చి చక్రాన్ని తనే కడిగాడు, తన తువ్వాలతోనే తుడిచాడు. మా దడి మీద పాకిన తీగ నుంచి గుమ్మడికాయ తెంపి, కుంకుమ పెట్టి, మిల్లర్ ముందు పగలగొట్టాడు.

"యాదగిరీ, నీ మొక్కు దేవతకు ముట్టింది, కోడి కూరకు ముట్టింది. ఇగ మిల్లర్ అందరిది." తర్వాత మహేశ్ పక్కన ఇసుకలో కూర్చుని, నిదానంగా ఆయన భాషలో మాట్లాడాడు. ఏమన్నాడో తర్వాత నాకు చెప్పాడు. "నేను పరాయి రాష్ట్రంల తట్ట మోసిన్నాడు, నీ పండుగ ఎప్పుడని నన్ను ఒక్కడన్న అడగలే. నేనన్న నిన్ను అడగాల్సుండె."

మహేశ్ లేచి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. యాదగిరి గొణుక్కుంటూనే మిల్లర్ తిప్పాడు. స్లాబ్ అయ్యేదాకా వాన ఆగింది. దావత్‌కు రెండు పొయ్యిలు పెట్టాం. ఒకదాని మీద కోడికూర, దూరంగా ఇంకోదాని మీద ఆలుగడ్డ కూర. ఆలుగడ్డ కూర ముందు అయిపోయింది, తిన్నది సగం యాదగిరే!

అప్పటినుంచి ఆయన ఏ స్లాబ్ పోసినా గుమ్మడికాయే. ఊళ్లోవాళ్లు గుమ్మడికాయ మేస్త్రి అని పేరు పెట్టారు. ఎవరైనా అట్లా పిలిస్తే, "కోడికంటె అగ్గువ గద, పైసలు మిగుల్తయి!" అని నవ్వేవాడు. స్లాబ్‌కు రోజు పెట్టేముందు మాత్రం, ముఠా వాళ్లుండే ప్రతి గది గడపకూ పోయి ఎవరికి ఏ పండుగ ఉంది, ఎవరు ఒక్కపొద్దు ఉన్నారు అని అడిగి వచ్చేవాడు.

ఆ ముఠాలో గమేళాలు మోసే నా బిడ్డ చేతికి తాపీ ఇచ్చింది కూడా ఆయనే. యాదగిరి ఊరుకుంటాడా? "ఆడివిల్ల గోడ గడితె, నేను గమేళా మొయ్యాల్నా?"

"మొయ్యి. ఎట్లుంటదో నీక్కూడ ఎరుకైతది."

పంతానికి పోయి మోశాడు. మర్నాడు మెడ తిరగలేదు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మేస్త్రి పోయేనాటికి నల్లగొండ తొవ్వలో ఒక పంతులు గారి ఇంటికి సెంట్రింగ్ అయిపోయి ఉంది. మిగిలింది స్లాబే. కానీ పోయించేదెవరు? మహేశ్ వాళ్లకు వేరే మేస్త్రి ఫోన్లు చేస్తున్నాడు, వాళ్లు బట్టలు సర్దుకుంటున్నారు. యాదగిరి ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ముఠా చెదిరితే నా బిడ్డ చేతికి తాపీ ఇచ్చేవాళ్లెవరు? మళ్లీ గమేళానే. నాకు నిద్ర లేదు.

సైదమ్మ మాత్రం మేస్త్రి దినాలు కాగానే చెప్పులేసుకుని బయలుదేరింది. మేస్త్రి పోయినట్టే ప్రతి గది గడపకూ పోయింది. "ఏ రోజు ఎవ్వలికి వనికిరాదో చెప్పుండ్రి, అది ఇడిచిపెట్టి రోజు వెడత." అంతకుమించి బతిమాలలేదు.

స్లాబ్ రోజున నేనూ పోయి ఒక మూల నిలబడ్డాను. అందరూ వచ్చారు. యాదగిరి చంకలో పెద్ద గుమ్మడికాయ! "ఏం జూస్తున్నవ్ పెద్దబాపూ, మా ఇంట్ల కాసిందే" అన్నాడు. దాన్ని తెచ్చి నా బిడ్డ చేతిలో పెట్టాడు. సెంట్రింగ్ పైనుంచి మహేశ్ గట్టిగా కేకేశాడు.

"మేస్త్రీ! బోలో, మొదలు పెట్టాలా?"

నేను అలవాటు కొద్దీ ఆయన కోసం వెనక్కి చూశాను. ఇటు తిరిగేసరికి నా బిడ్డ చెయ్యెత్తి, "కానియ్యి అన్నా!" అంటోంది. నా సంతోషం ఏమని చెప్పను! ఆ కంకర చప్పుడులో చిన్నపిల్లాడిలా పైకే నవ్వాను, ఎవరికీ వినపడలేదు.

మర్నాడు పొద్దున నీళ్లు పట్టే వేళకు మెట్లెక్కి చూశాను. స్లాబ్ ఎండి పగలకుండా నీళ్లు నిలపడానికి దాని నిండా మాలుతో కట్టిన చిన్న చిన్న మళ్లు, పొలంలో లాగే. ఎవరి మడి వాళ్లు కట్టాలన్నది మేస్త్రి పెట్టిన పద్ధతి. యాదగిరి మడికి గండి పడి నీళ్లు పక్క మడిలోకి పోతున్నాయి. మహేశ్ వంగి అరచేత్తో మాలు మెత్తుతున్నాడు, నా గట్టు ముట్టకని యాదగిరి తిడుతున్నాడు, సైదమ్మ పైపు పట్టుకుని పగలబడి నవ్వుతోంది. గండి పూడింది. మళ్లన్నింటిలో నీళ్లు ఒక్క మట్టానికి వచ్చి ఆగాయి, వాటి నిండా ఆకాశం.